బావ కారులో హాజిర్ అన్నదెవరు

దెయ్యాల కథలంటే నాకు మొదటి నుంచీ విసుగు. భయం కాదు, విసుగే. కరీంనగర్‌లో ఓ దినపత్రిక డెస్కులో పనిచేసిన రోజుల్లో ఇలాంటి వార్తలు తరచూ వచ్చేవి. ఫలానా బడిలో గజ్జెల చప్పుడు, ఫలానా చౌరస్తాలో తెల్లచీర. విలేకరికి ఫోన్ చేసి ఒకటే అడిగేవాణ్ని: నువ్వు విన్నావా, విన్నవాడు చెబితే విన్నావా? ఎప్పుడూ రెండోదే. ఆ వార్త అక్కడితో చెత్తబుట్టలోకి.

ఈసారి విన్నవాణ్ని నేనే. కాబట్టి తెలిసింది తెలిసినట్టు, తెలియనిది తెలియదని రాస్తాను.

నేను బహ్రెయిన్ వచ్చి చాలా ఏళ్లయింది. మనామాలో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం, గుదైబియాలో ముగ్గురు మిత్రులతో కలిసి ఓ పాత ఫ్లాటు. మా అక్క సుజాత, బావ మల్లేశం, వాళ్ల కూతురు చిన్ని తుబ్లీలో ఉండేవాళ్లు. బావ ఒక నిర్మాణ కంపెనీలో ఫోర్‌మన్. తట్ట మోయడానికి వచ్చి, ఫ్యామిలీని తెచ్చుకునే స్థాయికి ఎదిగిన మనిషి. శుక్రవారం శుక్రవారం తన ఏడు సీట్ల పాత కారులో వచ్చి నన్నూ ఎక్కించుకునేవాడు. కూరగాయలు, బిర్యానీ, సముద్రం ఒడ్డు. అదే మా వారం.

కారు స్పీకర్ల సంగతి చెప్పాలంటే ముందు లింగన్న సంగతి చెప్పాలి.

లింగన్న బావ కింద పనిచేసేవాడు. బావ వాళ్ల ఊరికి పక్క ఊరే. ఇక్కడ ఎండాకాలంలో మధ్యాహ్నం ఆరుబయట పని చేయించకూడదు. కాబట్టి డ్యూటీ చీకటితో మొదలై పన్నెండు లోపే ముగుస్తుంది. అందరూ బస్సెక్కాక ఫోర్‌మన్ మెట్టు మీద నిలబడి ఒక్కొక్క పేరూ పిలుస్తాడు. లోపలి నుంచి 'హాజిర్' అంటారు. నేపాలీ అయినా, బిహారీ అయినా, మనవాడైనా ఆ ఒక్క మాటే. ఎవరైనా కుళాయి దగ్గర ఆలస్యమైతే పక్కవాడు వాడి పేరు మీద హాజిర్ అనేయడం కూడా మామూలే. ఎండలో ఎవరూ దాన్ని తప్పు పట్టరు. ఆ తర్వాత ఫోర్‌మన్ సామాన్లుండే ఇనుప కంటెయినర్‌కు తాళం వేస్తాడు, బస్సు కదులుతుంది.

ఓ ఏడాది ఆగస్టులో ఒక ఉదయం తాళం తీస్తే, కంటెయినర్‌లో లింగన్న చనిపోయి ఉన్నాడు. ముందురోజు మధ్యాహ్నం నుంచీ లోపలే. పక్కనే, నీళ్లు తోడే మోటార్ల కోసం ఆగకుండా నడిచే జనరేటర్. తలుపు ఎంత బాదినా వినబడేది ఎవరికి? క్యాంపులో కనిపించకపోతే, జిదాఫ్స్‌లో ఉన్న తన ఊరివాళ్ల దగ్గరికి పోయాడనుకున్నారట.

విచారణలో బావ చెప్పింది ఇది: లింగన్న పేరు పిలిచాను, అతనే పలికాడు, ఆ గొంతు నేను చెవులారా విన్నాను. అంటే బస్సెక్కినవాడు మళ్లీ దొంగతనంగా దిగి లోపలికి పోయాడు. శవం కాళ్ల దగ్గర రాగి తీగ కట్ట ఉంది.

డ్యూటీ అయిపోయింది, మనిషి దొంగతనానికి పోయాడు. పరిహారం కట్టే పని లేదు, కంపెనీకి అంతకంటే ఏం కావాలి? శవపేటిక ఊరికి చేరే లోపే 'దొంగ' అన్న మాట చేరిపోయింది.

లింగన్న భార్య రాజవ్వ అప్పుడప్పుడు మా అక్కకు ఫోన్ చేసేది. మొదట బాగోగులు అడిగేది. ఆఖరికి అదే ప్రశ్న.

"అక్కా, ఆయన తీగ ఎత్తుకపోతుంటే మల్లేశం పటేలు కండ్లార చూసిండా?"

అక్క బావ వంక చూసేది. బావ చెయ్యి ఊపి బయటికి వెళ్లిపోయేవాడు. "గట్లనే అంటున్నరు చెల్లె" అని అక్క ఫోన్ పెట్టేసేది. రాజవ్వ డబ్బు అడగలేదు, ఉద్యోగం అడగలేదు. తన మొగుడు దొంగ కాదన్న ఒక్క మాట కోసం చూస్తోంది. ఆ మాట చెప్పగలిగినవాడు బావ ఒక్కడే.

ఇక కారు. బావకు అంతకుముందు పాటల పిచ్చి లేదు. ఆ ఎండాకాలం తర్వాత పట్టుకుంది. ఎక్కగానే వాల్యూమ్ పెంచేవాడు. కారు కంపెనీ నుంచి బండితో పాటు వచ్చిన స్పీకర్లు ఎండలకు ఎండి, అంచులు చిట్లి, గట్టిగా పెడితే జరజరమనేవి. "మార్పిస్త" అన్నాడు. చలి తగ్గే రోజుల్లో తుబ్లీలోనే ఒక వర్క్‌షాపుకు తీసుకెళ్లాం. షాజీ అని మలయాళీ, కారు ఆడియో పనిలో నెమ్మదస్తుడు.

నేను పక్కనే కూర్చుని చూశాను. నాలుగు తలుపుల లోపలి పలకలూ ఊడదీశాడు. పాత స్పీకర్ల కాగితపు గిన్నెలు ముట్టుకుంటే పొడి రాలుతున్నాయి. తలుపు రేకు అదరకుండా లోపల నల్లటి మందపాటి షీట్లు అంటించి, రోలర్‌తో నొక్కి, సందులన్నీ మూశాడు. కొత్త స్పీకర్లు బిగించాడు. డ్రైవర్ సీటు కింద ఆంప్లిఫయర్ పెట్టాడు. తర్వాత శబ్దాన్ని ఒక్కొక్క తలుపులోకే పంపి, నాలుగూ విడివిడిగా వినిపించాడు.

"అబ్ అందర్ కా ఆవాజ్ బాహర్ నహీ జాయేగా, బాహర్ కా అందర్ నహీ ఆయేగా" అన్నాడు తృప్తిగా. లోపలి చప్పుడు బయటికి పోదు, బయటిది లోపలికి రాదు.

"గది సాలు" అన్నాడు బావ.

ఆ శుక్రవారమే మొదటిసారి. పాటకూ పాటకూ మధ్య ఖాళీలో వెనక సీటు నుంచి చిన్ని నన్ను గోకింది.

"మామా, ఈ డోర్ల ఎవరో హాజిర్ అంటున్నరు. మేం స్కూల్ల ప్రెజెంట్ మిస్ అంటం గద, అట్ల."

"పాటల వచ్చి ఉంటది తీ" అంది అక్క. బావ తర్వాతి పాట మొదలుకాక ముందే వాల్యూమ్ పెంచాడు.

మరుసటి వారం నేనూ విన్నాను. కుడివైపు వెనక తలుపు. పాట ఆగింది, ఒక మగ గొంతు 'హాజిర్' అంది, ఇంకో పాట మొదలైంది. అలసిపోయిన మనిషి గొంతు. ఉత్తర తెలంగాణ మనిషి ఆ మాటను ఎలా సాగదీస్తాడో అలాగే. నేను లింగన్నను ఒకటి రెండుసార్లు చూశాను కానీ, గొంతు గుర్తుపట్టేంత ఎరగను. బావ మెడ వెనక చెమట పట్టడం మాత్రం చూశాను. ఏసీ నిండుగా ఉంది.

పాత అలవాటు కొద్దీ మామూలు కారణాలు వెతికాను. సైట్ వాకీటాకీ సిగ్నల్ అనుకున్నాను. ఇంట్లో వదిలేసి వచ్చినా వినిపించింది. పక్క కారు ఫోన్ బ్లూటూత్‌లో కలిసిందేమోనని దాన్ని తీసేసి పెన్‌డ్రైవ్ పెట్టాం. వచ్చింది. నా ఫోన్‌లో రికార్డు చేశాను. ఇంటికొచ్చి వింటే పాటలున్నాయి, మా మాటలున్నాయి, ఆ చోట మాత్రం ఖాళీ. ఇది నా మాటకు వ్యతిరేకంగా ఉన్న సాక్ష్యమని నాకు తెలుసు. ఉన్నది చెబుతున్నాను.

ఇంకొకటి. షాజీకి చూపిద్దామని ఒకరోజు నేనొక్కణ్నే బండి తీసుకెళ్లాను. దారంతా ఏమీ లేదు. షాజీ ప్రతి తీగా చూసి తల అడ్డంగా ఊపాడు. ఎన్నిసార్లు పరీక్షించినా తేలింది ఇదే. బావ బండిలో ఉంటేనే ఆ మాట వస్తుంది.

కుడివైపు వెనక స్పీకర్‌ను పీకించాడు బావ. అప్పుడది ఎడమవైపు వెనక తలుపులోకి మారింది. ఇక్కడి బండ్లకు స్టీరింగ్ ఎడమవైపే, అంటే సరిగ్గా బావ సీటు వెనక్కి. అలసట పోయింది ఆ గొంతులోంచి. పిలవకుండానే పలికేది, పాట మధ్యలో, పాటను తోసుకుని. అందులో ఏడుపు లేదు, బతిమాలడం లేదు. పగబట్టిన మనిషి గుమ్మంలోకి వచ్చి నిలబడితే ఎలా ఉంటుందో అలా ఉండేది.

"అమ్మెయ్ ఈ బండిని" అంది అక్క.

"అమ్మితే అయిపోతదా?" అన్నాడు బావ. తను ఏమన్నాడో తర్వాత తనకే తట్టినట్టుంది. లేచి వెళ్లిపోయాడు.

రాజవ్వ ఫోన్ చేసింది అదే వారం. అక్క ఫోన్ అందించబోతే బావ తీసుకోలేదు.

జూలైలో ఒక శుక్రవారం పొద్దున జిదాఫ్స్ మార్కెట్‌కు వెళ్లాం. పార్కింగ్ దొరకలేదు. ఓ పుచ్చకాయల కొట్టు పక్కన ఇరుకులో ఆపి, బావ ఇంజన్ నడుస్తుండగానే కూర్చున్నాడు. నేను, అక్క, చిన్ని కూరగాయలకు వెళ్లాం. బెండకాయలు ఏరడంలో అక్కకు తొందరుండదు.

తిరిగి వస్తుంటే దూరం నుంచే పాట వినిపించింది. మన వైపు జానపదం, డప్పు మోతతో. కారు అద్దాలు అదురుతున్నాయి. "చెవులు పోతయి ఈయనకు" అని అక్క విసుక్కుంది. పుచ్చకాయలవాడు నవ్వుతున్నాడు. పాట మొదలై చాలాసేపయిందట.

దగ్గరికొచ్చాక చూశాను. ఇంజన్ ఆగిపోయి ఉంది. పొగగొట్టం దగ్గర చెయ్యి పెడితే గాలి లేదు. నల్ల అద్దానికి ముఖం ఆనించి లోపలికి చూస్తే, బావ రెండు అరచేతులతో అద్దాన్ని బాదుతున్నాడు. నోరు తెరిచి అరుస్తున్నాడు. మాకు పాట తప్ప ఏమీ వినబడటం లేదు.

తలుపు లాగాను. రాలేదు. నాలుగూ రాలేదు. అక్క పర్సులో ఉన్న రెండో తాళంచెవి పెట్టి తిప్పితే తిరిగింది, తలుపు తెరుచుకోలేదు. పుచ్చకాయలవాడు తూకపు రాయి తెచ్చి వెనక అద్దం పగలగొట్టాడు. అద్దం పగిలిన క్షణమే పాట ఆగింది. ఆ వెంటనే తలుపులు మామూలుగా తెరుచుకున్నాయి. లోపలి నుంచి కొట్టిన వేడికి నేను వెనక్కి తగ్గాను.

బావ బట్టలు పిండితే నీళ్లు కారేలా ఉన్నాయి. గోళ్ల కింద రక్తం. ఆస్పత్రికి తీసుకెళ్లే దారిలో ఒక్కటే గొణిగాడు. "కొట్టిన. ఎంత కొట్టినా ఎవ్వనికి వినవడలే."

మరునాడు పగలు, వార్డులో సెలైన్ ఎక్కుతుండగా, అక్క కిందికి వెళ్లిన సమయంలో నన్ను దగ్గరికి పిలిచాడు.

"మీకు పాట వినవడ్డదా?"

"ఊరంతా వినబడింది బావా."

"లోపట పాట లేదు బామ్మర్ది. హాజిర్, హాజిర్. నాలుగు తలుపుల నుంచి. గదొక్కటే."

తర్వాత తనే చెప్పాడు.

"ఆ దినం బస్సుల ఏసీ ఖరాబయింది. పోదాం పోదాం అని అందరు మొత్తుకుంటున్నరు. లింగన్నా అని పిలిచిన. సప్పుడు లేదు. మల్ల పిలిచిన. నల్లా కాడ మొకం కడుగుతున్నడేమో అనుకున్న. ఎన్కకెల్లి ఎవడన్న హాజిర్ అంటడేమో అని చూసిన. ఎవడు అనలే. నేనే అన్న. హాజిర్ అని నేనే అన్న. ఖలాస్, యల్లా, పోనియ్ అన్న. బస్సు కదిలింది."

"తాళం?"

"పేర్లు పిలవక ముందుగాల్నే నేనే ఏసిన. లోపటికి తొంగి సూడలే. సామాన్ సదరమని ఆన్ని లోపటికి పంపింది గూడ నేనే. యాది మర్చిన."

"మరి రాగి తీగ?"

"అది ఎప్పుడు ఆడనే ఉంటది. స్టోర్ గద."

వార్తల్లో ఎన్ని అబద్ధాలు చూశాను నేను! ఇంత తేలికైనదాన్ని చూడలేదు. మంచం పక్కన కూర్చుని, రాజవ్వకు ఫోన్ చేయమన్నాను. చేస్తానన్నాడు. ముందు ఒళ్లు బాగవనీ, చేస్తానన్నాడు.

బాగయ్యాక చేయలేదు. కేసయితది అన్నాడు. పోయినోడు తిరిగొస్తడా అన్నాడు. ఆఖరికి ఉద్యోగానికి రాజీనామా చేసి, వీసా క్యాన్సిల్ పెట్టి, కుటుంబంతో ఇంటికి వెళ్లిపోవడానికి టికెట్లు తీశాడు. సముద్రం దాటితే కారు ఇక్కడే ఉంటుందని లెక్క. కారును నాకు వదిలేశాడు. నేను దాన్ని షాజీ దగ్గరికి తీసుకెళ్లి మిగిలిన స్పీకర్లు, ఆంప్లిఫయర్, స్టీరియో పెట్టె, తీగలతో సహా అన్నీ పీకించాను. తలుపుల్లో గుండ్రటి రంధ్రాలు మిగిలాయి. వాటిమీద టేపు అంటించాడు షాజీ. తలుపు తాళాల్లో ఏ లోపమూ లేదని కూడా చెప్పాడు.

ఎయిర్‌పోర్టుకు బయల్దేరింది మిట్టమధ్యాహ్నం. నేను డ్రైవింగ్. అక్క నా పక్కన, వెనక బావ, చిన్ని. బావ కుడివైపు తలుపు పక్కన కూర్చున్నాడు, మొట్టమొదట ఆ మాట వచ్చిన చోట. అలవాటుగా అద్దంలో చూస్తూ అడిగాను, "అందరూ ఎక్కినట్టేనా?"

"ఆఁ, పోనియ్" అంది అక్క.

"హాజిర్."

బావ పక్క తలుపులోంచి. టేపు వెనక రంధ్రంలోంచి. స్పష్టంగా, దగ్గరగా. నేను అద్దంలో బావ ముఖమే చూస్తున్నాను. అతని పెదాలు బిగిసి ఉన్నాయి. అక్క నా మోచెయ్యి పట్టుకుంది.

"మామా, స్పీకర్లు తీసేసినవ్ గద?" అంది చిన్ని.

ముహర్రఖ్ వంతెనకు ముందు బావ ముందుకు వంగి, నాతో మెల్లగా అన్నాడు. "ఇంటిదాక వస్తడా బామ్మర్ది?"

నేను వేగం తగ్గించాను.

"బండి ఆపు" అన్నాడు.

పక్కకు తీసి ఆపాను. అక్క రాజవ్వకు ఫోన్ కలిపి, గొంతు అందరికీ వినబడేలా పెట్టింది.

"రాజవ్వా, నేను మల్లేశాన్ని."

అటువైపు కోడి కూసింది. తర్వాత, "చెప్పు."

"లింగన్న దొంగ కాదు. ఆన్ని లోపటికి పంపింది నేను. సూడకుంట తాళం ఏసింది నేను. హాజిర్ అన్నది గూడ నేనే. తీగ ముచ్చట అబద్ధం."

ఆమె ఏడవలేదు.

"ఏడున్నవ్?"

"ఎయిర్‌పోర్టుకు పోతున్న."

"దిగినంక మీ ఇంటికి పోకు. సక్కగ మా ఊరికి రా. మా అత్త ముంగట, మంది ముంగట చెప్పు. నా మొగడు దొంగ అన్న మాట నీ నోట్లెకెల్లి వచ్చింది. నీ నోటితోనే పోవాలె."

"వస్త రాజవ్వా. నన్ను మాఫ్..."

"మాఫీ అడగకు. అది నా తాన లేదు." ఫోన్ కట్టయింది.

అక్కడి నుంచి ఎయిర్‌పోర్టు దాకా కారులో చక్రాల చప్పుడే.

బావ వెళ్లాడు, అక్క చెప్పింది. లింగన్న ఇంటి ముందు జనం మధ్య నిలబడి మొత్తం చెప్పాడు. చెప్పడం అయిపోయాక రాజవ్వ, "ఎన్కున్నోళ్లకు వినవడలే, గట్టిగ చెప్పు" అందట. మళ్లీ చెప్పాడు. "ఇంక గట్టిగ" అందట. గొంతు పోయే దాకా చెప్పించింది. మనుషులు ఒక్కొక్కరే లేచి వెళ్లారు. లింగన్న తల్లి మాత్రం ఆఖరి దాకా కూర్చుని విన్నది. ఇక్కడి కంపెనీకి కూడా బావ అదే రాసి పంపాడు. దాని సంగతి ఇంకా తేలలేదు.

బావకు ఎడమ చెవి వినబడదు ఇప్పుడు. డ్రైవర్ తలుపు వైపు చెవి. జిదాఫ్స్ నాటి నుంచీ అంతే. అక్కడా ఇక్కడా డాక్టర్లు చూశారు. చెవిలో ఏ దెబ్బా లేదంటారు.

కారు నా దగ్గరే ఉంది. షాజీ స్టీరియోతో పాటు, తను దాచి ఉంచిన పాత కంపెనీ స్పీకర్లే మళ్లీ బిగించాడు. వార్తలు వింటే జరజరమంటాయి. అంతకు మించి ఏ శబ్దమూ రాలేదు. బావకు తన తప్పే అలా వినిపించిందంటే ఒప్పుకుంటాను. కానీ నాకు, అక్కకు, చిన్నికి వినిపించిందేమిటి? మార్కెట్లో అందరూ విన్న పాట ఏమిటి? టేపు వేసిన రంధ్రంలోంచి పలికిందెవరు? డెస్కులో ఉన్నప్పుడైతే ఈ వార్తను వేసేవాణ్ని కాదు. ఇప్పుడు కూడా దీనికి నా దగ్గర వివరణ లేదు.

ఒక్క అలవాటు మాత్రం మారింది. శుక్రవారాలు మా ఫ్లాటు మిత్రుల్ని ఎక్కించుకుని బయల్దేరేటప్పుడు, అందరూ ఎక్కారా అని అడగను. వెనక్కి తిరిగి, ఒక్కొక్కరి ముఖం చూసుకుని, అప్పుడు బండి కదుపుతాను.